చచ్చిన గొడ్డును ఎవరు మోయాలి? రాబందుల సంరక్షణలో 'వాలంటీర్' అన్న మాట వెనక

రాబందుల సంరక్షణ శిబిరం ఒకదానికి మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మా చేతికి రెండు జాబితాలు వచ్చాయి. మొదటిదాని మీద 'వాలంటీర్లు' అని ఉంది. పేరు, చదువు, ఊరు, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చేయాలి, ఇలా ఏడెనిమిది గళ్ళు. రెండోదాని మీద 'లోకల్ సపోర్ట్' అని ఉంది. అందులో ఐదు పేర్లు, ఇంటిపేర్లు కూడా లేవు. పక్కన రోజుకింత అని ఒక అంకె. అంతే.

మొదటి జాబితావాళ్ళు దుర్భిణీ పెట్టుకుని గుట్ట మీది గూళ్ళను చూసి లెక్క రాయాలి. రెండో జాబితావాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో చచ్చిన పశువులను తెచ్చి రాబందులు వాలే చోట వేయాలి. రెండో జాబితాలోని ఐదుగురూ మాదిగవాడ నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళనే పిలవాలని ఏ కాగితం మీదా లేదు. అడిగితే వచ్చిన జవాబు మాత్రం వెంటనే వచ్చింది: "వాళ్ళకు అలవాటే కదా."

ఆ 'అలవాటు' గురించే ఈ వ్యాసం. వన్యప్రాణి సంరక్షణలో శ్రమ ఎవరిది, పేరు ఎవరిది అన్న విషయం మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థులం మేము. పులుల లెక్కకు, తాబేళ్ళ గుడ్ల కాపలాకు, పక్షుల గణనకు వాలంటీర్లను ఎలా పిలుస్తారో, ఎలా నడిపిస్తారో చూస్తూ వచ్చాం. అన్నిటిలోకీ రాబందుల పని మాకు ప్రత్యేకంగా కనిపించింది. మిగతాచోట్ల కులం చాటుమాటున ఉంటుంది. ఇక్కడ చచ్చిన గొడ్డు రూపంలో ఎదురుగానే పడి ఉంటుంది.

రాబందులు ఎలా పోయాయి

ముందు కథ తెలియాలి. 1980ల దాకా మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. ఊరి బయట కళేబరం పడిందంటే ఆకాశంలో చుక్కల్లా కనిపించి, కాసేపటికే గుంపుగా దిగేవి. పెద్ద గుంపు దిగితే ఆవు కళేబరం గంట తిరక్కుండా ఎముకల గూడుగా మిగిలేది. 1990లలో అవి ఉన్నట్టుండి మాయం కావడం మొదలైంది. భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో రాబందులు తగ్గిపోతున్నాయని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ గుర్తించారు. 1992 నుంచి 2007 మధ్య తెల్లవీపు రాబందులు 99.9 శాతం, పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు కలిపి దాదాపు 97 శాతం పడిపోయాయని సర్వేలు తేల్చాయి. ఇంత వేగంగా ఇంత పెద్ద సంఖ్యలో పక్షులు అంతరించిన సందర్భాలు ప్రపంచంలోనే అరుదు.

కారణం ఏదో జబ్బు అనుకున్నారు చాలాకాలం. 2004లో లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను కోసి చూసి అసలు సంగతి బయటపెట్టింది. గేదెకు పొదుగు వాచినా, ఎద్దు కుంటినా పొడిచే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూదే దోషి. ఆ సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో పశువు చస్తే మందు మాంసంలో మిగిలి ఉంటుంది. దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడవుతాయి, యూరిక్ ఆమ్లం తెల్లగా సుద్దపొడిలా లోపలి అవయవాల మీద పేరుకుంటుంది, మెడ వాల్చేసి చచ్చిపోతుంది. అన్ని కళేబరాల్లోనూ మందు ఉండనక్కర్లేదు. నూటికి ఒకటి కన్నా తక్కువ కళేబరాల్లో ఉన్నా ఈ వినాశనానికి సరిపోతుందని లెక్కలు కట్టారు. ఒక కళేబరం మీద పదుల సంఖ్యలో రాబందులు కలిసి తింటాయి కాబట్టి ఒక సూది మొత్తం గుంపును తీసుకుపోతుంది.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతుండటంతో 2015లో ఆ సీసా సైజును మూడు మిల్లీలీటర్లకు కుదించారు. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యం నుంచి తప్పించారు. మెలాక్సికామ్ మాత్రం రాబందులకు ప్రమాదం లేని మందని తేలింది.

రాబందులు పోతే మనుషులకేం నష్టం అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. కళేబరాలు కుళ్ళాయి, కుక్కలు పెరిగాయి, నీళ్ళు పాడయ్యాయి. 2000 నుంచి 2005 వరకు ఐదేళ్ళలో దాదాపు ఐదు లక్షల అదనపు మరణాలకు రాబందుల పతనమే కారణమని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో అంచనా వేశారు. వాళ్ళ లెక్క జిల్లాల వారీగా ఉంది. వాడల వారీగా లెక్క ఎవరూ తీయలేదు. కానీ గొడ్లను పారేసే జాగా ఊరికి ఏ దిక్కున ఉంటుందో, దానికి ఆనుకుని ఎవరి ఇళ్ళు ఉంటాయో ఈ పత్రిక చదివేవాళ్ళకు మేము చెప్పాలా?

రాబందులకు మేత పెట్టింది ఎవరు

సంరక్షణ నివేదికల్లో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది: గతంలో పల్లెల్లో చచ్చిన పశువులను ఊరి బయట వదిలేసేవారు, ఇప్పుడా పద్ధతి తగ్గిపోవడంతో రాబందులకు ఆహారం కరువైంది. వ్యాకరణం తప్పు లేని వాక్యం. 'వదిలేసేవారు' అన్న క్రియకు కర్త మాత్రం లేడు.

కర్త ఉన్నాడు. దొర కొట్టంలో ఎద్దు చచ్చిందని కబురు రాగానే తాళ్ళు, బొంగు తీసుకుని పోయినవాడు, దాన్ని మోసుకొచ్చినవాడు, తోలు ఒలిచినవాడు, ఆ తోలును సున్నంలో నానబెట్టి, తంగేడు చెక్కతో లందలో పదును పెట్టినవాడు, దానితో మోట బొక్కెన, చెప్పులు, డప్పు చేసి ఊరికి ఇచ్చినవాడు. తోలు తీసిన కళేబరాన్ని రాబందు సులువుగా తింటుంది. దళసరి గొడ్డు తోలును చీల్చడం ఆ పక్షి ముక్కుకు కష్టం. అంటే శతాబ్దాల పాటు ఈ దేశపు రాబందులకు పళ్ళెంలో వడ్డించినట్టు మేత అందించిన వ్యవస్థ మాదిగల, చమార్ల, మహార్ల ఒంటి కష్టం మీద నడిచింది. తోలు పనిని విజ్ఞానంగా గుర్తించాలని కంచ ఐలయ్య ఏళ్ళుగా వాదిస్తూ వచ్చారు. ఆ విజ్ఞానంలో ఒక పక్షి జాతి బతుకు కూడా ఇమిడి ఉందని మేము చేర్చుతాం.

కానీ దాన్ని పొగిడి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. ఆ పని వెట్టి. కూలి లేదు, కాదనే వీలు లేదు. ఆలస్యమైతే తిట్లు, దెబ్బలు. ఆ పని చేశారన్న కారణంతోనే అంటరానివాళ్ళన్నారు, అంటరానివాళ్ళన్న కారణంతోనే ఆ పని చేయించారు. అందుకే మానేయడం ఒక ఉద్యమమైంది. 1927 మార్చిలో మహాడ్ సభలో చచ్చిన పశువు మాంసం మానుకొమ్మని అంబేడ్కర్ పిలుపునిచ్చారు. మరుసటి ఏడాది మహార్ వతన్ పేరిట సాగే ఊడిగానికి ముగింపు పలకడానికి బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీసినందుకు దళిత యువకులను బట్టలూడదీసి కొట్టాక, అక్కడి దళితులు కళేబరాలను కలెక్టరాఫీసు ముందు పడేసి "మీ తల్లిని మీరే చూసుకోండి" అన్నారు. నెల తిరక్కముందే ఆగస్టులో మన కోనసీమ అమలాపురంలో, కరెంటు షాక్ కొట్టి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత అన్నదమ్ముల మీద దాడి జరిగింది.

ఇదంతా జరిగాక ఒక సంస్థ వచ్చి వాడలో మీటింగు పెట్టి, రాబందుల కోసం 'స్వచ్ఛందంగా' కళేబరాలు తెచ్చివ్వండి అని అడుగుతుంది. ఆ మాట వాడలో ఎలా వినబడుతుందో అడిగినవాళ్ళకు తెలియకపోవచ్చు.

ఒక మీటింగులో మేమూ ఉన్నాం. పెద్ద మనిషి ఒకాయన చివరిదాకా విని లేచాడు. "మా నాయిన చచ్చిన గొడ్డును మోసిండు బిడ్డా. నేను మొయ్య. నా కొడుకు అసలే మొయ్యడు. మీకు రాబందులు గావాల్నంటే మీరే మొయ్యుర్రి." అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. సమన్వయకర్త తన నోట్‌బుక్కులో 'స్థానికుల్లో అవగాహన తక్కువ' అని రాసుకున్నారు. మా ఉద్దేశంలో ఆ గదిలో అందరికన్నా ఎక్కువ అవగాహన ఉన్న మనిషి ఆయనే.

వాలంటీర్ల పని ఎలా నడుస్తుంది

రాబందుల ప్రాజెక్టులో పనులు నాలుగైదు రకాలు. తేలికైనది, అందరూ ఇష్టపడేది గూళ్ళ పరిశీలన. తెలంగాణలో దీనికి పేరుపొందిన చోటు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట. అక్కడి కొండ చరియల్లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెడుతున్నాయని 2013లో వెలుగులోకి వచ్చింది. కింద పెద్దవాగు, ఆ పక్కనే ప్రాణహిత, నది దాటితే మహారాష్ట్ర గడ్చిరోలి. ఆ జిల్లాలో అటవీశాఖ రాబందుల కోసం కళేబరాలు వేసే స్థలాలనే 'రాబందుల రెస్టారెంట్లు' అంటారు. రాబందుకు రాష్ట్ర సరిహద్దు తెలియదు. ఒక పూటలో వంద కిలోమీటర్లు సునాయాసంగా తిరుగుతుంది.

ఈ పక్షి ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. అది పిల్లయి ఎగిరి, తిరిగి గూడు పెట్టడానికి అయిదేళ్ళ దాకా పడుతుంది. అందుకే ఒక్క గూడు పాడైనా లోటు పూడడానికి ఏళ్ళు పడుతుంది. గుట్టను దూరం నుంచి ఫొటో తీసి, తెల్లటి రెట్ట చారల ఆధారంగా గూళ్ళను గుర్తించి, ఒక్కోదానికి నంబరు వేస్తారు. శీతాకాలం మొదట్లో గుడ్డు మీద కూర్చున్న దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా వారానికోసారి అదే చోటు నుంచి అదే గూడును చూసి రాయాలి: పొదుగుతోంది, పిల్ల ఉంది, ఖాళీ. వాలంటీర్లు దగ్గరకు పోకూడదు, డ్రోన్ ఎగరేయకూడదు. రాబందులు పొద్దున్నే లేవవు. ఎండ ఎక్కి వేడిగాలి పైకి లేచాకే గాల్లోకి వస్తాయి. ఈ సంగతి తెలియక తెల్లవారుజామున నాలుగింటికి పిల్లలను లేపి గుట్ట దగ్గర చలిలో కూర్చోబెట్టిన శిబిరాలను మేము చూశాం.

గణన ఇంకో పని. ఒకే రోజు, ఒకే సమయంలో వేర్వేరు చోట్ల మనుషులు నిలబడి లెక్కపెట్టాలి. లేకపోతే ఇక్కడ చూసిన పక్షినే అక్కడ మళ్ళీ రాస్తారు. ఎటు నుంచి వచ్చింది, ఎటు పోయింది, ఎన్నింటికి అన్నది రాస్తేనే తర్వాత కలిపి చూసి రెండుసార్లు పడినవి తీసేయగలరు.

మందుల దుకాణాల సర్వే మూడోది. మామూలు రైతులా వెళ్ళి, బర్రెకు కాలు వాచింది, నొప్పికి ఏదైనా సూది ఇవ్వమని అడగాలి. ఏది చేతిలో పెడతారో రాసుకోవాలి. హైదరాబాదు నుంచి వచ్చి, మెడలో దుర్భిణీ వేసుకుని, బర్రెకు ఎన్ని ఈతలయ్యాయో చెప్పలేని పిల్లలను పంపితే దుకాణదారుడు నవ్వి పంపేస్తాడు. ఈ పనికి ఊరి మనుషులే కావాలి. పశువుల యజమానులతో, గోపాలమిత్రలతో మాట్లాడి మెలాక్సికామ్ వాడమని చెప్పే పనికి కూడా అంతే.

ఇక కళేబరాల పని. దీన్ని చాలా ప్రాజెక్టుల రాతకోతల్లో ఒక్క లైనులో ముగిస్తారు. నిజానికి అన్నిటికన్నా బరువైనదీ, ప్రమాదమున్నదీ, తెలివి కావలసినదీ ఇదే. మూడు నాలుగు వందల కిలోల బరువు. ముందు, ఆ పశువుకు చివరి రోజుల్లో ఏ మందు ఎక్కిందో తెలియాలి. నిషిద్ధ మందు పడిన గొడ్డును తెచ్చి వేస్తే సంరక్షణ శిబిరమే రాబందులను చంపినట్టవుతుంది. రెండు, అది ఎందుకు చచ్చిందో తెలియాలి. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో గుదం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంటే ఆంత్రాక్స్ అనుమానించాలి. దొమ్మ రోగం అని మనవాళ్ళు పిలిచేది అదే. దాన్ని కోయకూడదు, ఒలవకూడదు, తరలించకూడదు. పశువైద్యుడికి చెప్పి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి. ఈ రెండు సంగతులూ గొడ్డును ముట్టుకునే మనిషికి చెప్పకుండా ఆ పని అప్పజెప్పడం నేరంతో సమానం అని మా అభిప్రాయం. మేము చూసిన ఒక చోట గూళ్ళు లెక్కపెట్టేవాళ్ళకు రెండు రోజుల శిక్షణ, టోపీ, టీషర్టు ఇచ్చారు. కళేబరాలు తెచ్చేవాళ్ళకు చేతి తొడుగులు కూడా లేవు. "వాళ్ళకు అలవాటే కదా."

చట్టం ఏమంటుంది

సమన్వయకర్తలు చాలామంది వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 చదివి ఉంటారు. చదవాల్సిన చట్టం ఇంకొకటి ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని సెక్షన్ 3(1)(హెచ్) ఎస్సీ, ఎస్టీల చేత వెట్టి చేయించడాన్ని నేరంగా పేర్కొంటుంది. దాని పక్కనే ఉన్న 3(1)(ఐ), మనిషివైనా పశువువైనా కళేబరాలను మోయమని, తొలగించమని, గోతులు తవ్వమని వాళ్ళను బలవంతపెట్టడాన్ని నేరం అంటుంది. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని మొదటి నుంచే నిషేధించింది.

బలవంతం అంటే కర్ర పట్టుకోవడమే కాదు. మేము చూసిన సందర్భాల్లో బలవంతం మెత్తగా ఉంటుంది. గొడ్డు తేకపోతే రేపు ఫైర్ లైన్ల పనికి పిలవరు. బేస్ క్యాంపులో దినకూలీగా ఉన్న కొడుకు పని పోతుందేమోనన్న భయం. సర్పంచి ముందు, పెద్దల ముందు నిలబెట్టి 'మీరైతే బాగా చేస్తారు' అన్న పొగడ్త. కాదంటే ఏం పోతుందో అడిగి తెలుసుకోకుండా ఎవరి ఒప్పుకోలునూ స్వచ్ఛందం అని రాసుకోకూడదు.

ఇక్కడ 'వాలంటీర్' అన్న మాట గురించి ఒక మాట. కడుపు నిండిన ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి వారం రోజులు ఉచితంగా పనిచేస్తే అతనికి సర్టిఫికెట్ వస్తుంది, రెజ్యూమెలో ఒక లైను వస్తుంది, విదేశీ యూనివర్సిటీ దరఖాస్తుకు అదొక బలం. వారం రోజుల కూలి వదులుకుని వచ్చినవాడికి వారం రోజుల కూలి పోతుంది. ఉచిత శ్రమ ఇద్దరికీ ఒకే ధర కాదు. తాతముత్తాతల నుంచి ఉచితంగా పిండిన చోట మళ్ళీ ఉచితంగా అడగడం ఎంత సదుద్దేశంతోనైనా సరే, వెట్టికి కొత్త చొక్కా తొడగడమే. మాకైతే ఇందులో మధ్యేమార్గం కనిపించడం లేదు. గూళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు వాలంటీర్లుగా రావచ్చు. కళేబరాల పని మాత్రం డబ్బిచ్చి చేయించాల్సిన పని, అది ఎవరు చేసినా.

ఒక చోట వేరేగా జరిగింది

పైన చెప్పిన పెద్దాయన లేచి వెళ్ళిపోయిన శిబిరం మరుసటి ఏడాది వేరే చేతుల్లోకి వచ్చింది. కొత్త సమన్వయకర్త అదే మండలంలోని వాడలో పుట్టి, జువాలజీలో పీజీ చేసిన అమ్మాయి. ఆమె మొదట చేసిన పని రెండు జాబితాలను చించి ఒకటి చేయడం. అందరికీ అవే గళ్ళు, బ్లడ్ గ్రూపుతో సహా. రెండోది, పనులన్నీ రాసి, ఏ పనికి ఎంత కూలి అన్నది పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించడం. కళేబరాల పనికి అన్నిటికన్నా ఎక్కువ రేటు పెట్టారు. ఎవరైనా చేయవచ్చు, ఏ వాడ వాళ్ళయినా, ఏ వీధి వాళ్ళయినా.

నెల రోజులు ఊళ్ళో నుంచి ఒక్కరూ రాలేదు. రేటు మంచిదే, పని లేక తిరుగుతున్న కుర్రాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు. అయినా రాలేదు. దీన్ని మేము చాలాసార్లు చర్చించుకున్నాం. డబ్బు కులాన్ని కరిగిస్తుందని నమ్మేవాళ్ళు ఒకసారి ఆ గోడ మీది కాగితం కథ వినాలి.

అప్పుడామె బయటి నుంచి వచ్చిన విద్యార్థులను కూర్చోబెట్టి, మొదటి మూడు కళేబరాలు శిబిరంవాళ్ళే తెస్తారు, తాను ముందు నిలబడతానని చెప్పింది. పదకొండు మందిలో నలుగురు వెనక్కి తగ్గారు. ఒకతను వాసన పడదన్నాడు. ఇంకొకతను నిజం చెప్పాడు: ఇంట్లో తెలిస్తే లోపలికి రానివ్వరని. ఆమె ఎవరినీ కోప్పడలేదు. కాదనే హక్కు మీకుంది, రాసుకుంటాను అంది. అదే హక్కు మిగతావాళ్ళకూ ఉందని మాత్రం గుర్తుంచుకొమ్మంది.

మోయడం అన్న పనే లేకుండా చేయాలని ట్రాక్టరు ట్రాలీకి గొలుసు కప్పీ బిగించే ఏర్పాటు అడిగారు. ఊళ్ళో ట్రాక్టర్లు ఆరేడు ఉన్నాయి. ఇసుకకు వస్తాయి, ఎరువుకు వస్తాయి. పెంట తోలే ట్రాలీలో చచ్చిన గొడ్డు ఎక్కితే మైల అవుతుందట. చివరికి పది కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి ఎక్కువ కిరాయికి ఒక ట్రాక్టరు వచ్చింది. ఆ అదనపు ఖర్చును లెక్కల పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలని అకౌంటెంట్ అడిగితే, 'అంటరానితనం' అని రాయండి అందామె. రవాణా కింద రాశారు, సహజంగానే.

దారిలో గోరక్షకుల భయం ఒకటి ఉంది. అందుకని ప్రతి కళేబరానికీ ఒక కాగితాల కట్ట తయారుచేశారు: యజమాని సంతకంతో పశువు తనంతట తాను చచ్చిందన్న లేఖ, పశువైద్యుడి ధ్రువీకరణ, చివరి పదిహేను రోజుల్లో వేసిన మందుల వివరం, చనిపోయిన చోట ఫొటో, ప్రాజెక్టు అనుమతి పత్రం. బయల్దేరే ముందు పోలీసు స్టేషన్‌కు ఫోన్. బండిలో వెళ్ళే ప్రతి ఒక్కరి మెడలో గుర్తింపు కార్డు. రాత్రిపూట బండి కదలకూడదు. ఒంటరిగా ఎవరూ వెళ్ళకూడదు, ముఖ్యంగా వాడ నుంచి వచ్చినవాళ్ళను ఒంటరిగా పంపకూడదు. చేతి తొడుగులు, గమ్ బూట్లు, ధనుర్వాతం, రేబిస్ టీకాలు, బీమా. కళేబరం దగ్గర కుక్కలు ముందు చేరతాయి కాబట్టి రేబిస్ టీకా తప్పనిసరి.

తిండి గురించి కూడా చెప్పాలి. శిబిరాల్లో వంట ఎవరు చేస్తారు, ప్లేట్లు ఎవరు కడుగుతారు అన్నది ఎవరూ కాగితం మీద పెట్టరు, కానీ అక్కడే అసలు సంగతి తేలిపోతుంది. ఇక్కడ వంతుల వారీగా వండుకున్నారు. కళేబరాల పని చేసి స్నానం చేసి వచ్చినవాళ్ళతో కలిసి అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. ఒకరిద్దరు బిస్కెట్లతో సరిపెట్టుకున్న రోజులున్నాయి. మేము లెక్కపెట్టాం, అది మా పని.

మూడో కళేబరం తర్వాత వాడ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. గొడ్డును ముట్టుకోం, గూళ్ళ లెక్క నేర్పితే వస్తాం అన్నారు. ఆమెకు కావలసిందీ అదే. స్కోపు చేతికిచ్చింది. ఫోన్ యాప్ ఇంగ్లిషులో ఉంటే, దానితో పాటు తెలుగులో కాగితం ఫారం తయారుచేసింది. దుకాణాల సర్వేకు ఇంటర్ చదివే అమ్మాయిలు ముగ్గురు వెళ్ళి, రెండు చోట్ల పశువులకు వాడకూడని మందు అడగ్గానే ఇచ్చారని రాసుకొచ్చారు. ఆ వివరాలు నివేదికలో వాళ్ళ పేర్లతో, ఇంటిపేర్లతో సహా వచ్చాయి. 'స్థానికుల సహకారంతో' అన్న మాట ఆ నివేదికలో ఒక్కచోట కూడా లేదు.

అన్నీ సర్దుకున్నాయని కాదు. మొదటి ఏడాది తెచ్చిన కళేబరాల సంఖ్య అనుకున్నదానిలో సగం కూడా లేదు, పైనుంచి డబ్బిచ్చేవాళ్ళు పెదవి విరిచారు. పాత పద్ధతిలోనైతే ఇంతకు రెట్టింపు వచ్చేవి కదా అని ఒకాయన అన్నాడు. వచ్చేవే.

రెండో ఏడాది దరఖాస్తు ఫారంలో ఒక కొత్త గడి చేరింది: 'నేను చేయని పనులు'. దానికి కారణం రాయనక్కర్లేదు. మేము వాటిని ఒక సాయంత్రం కూర్చుని చదివాం. ఒకరు రాత్రి కాపలా అని రాశారు. ఒకరు వంట. చాలామంది కళేబరం. ఫారాల్లో ఒకటి వేరే చేతిరాతతో ఉంది, ఎవరో పిల్లలు రాసిపెట్టి ఉంటారు. పేరు చూస్తే మొదటి ఏడాది కండువా దులుపుకుని వెళ్ళిపోయిన పెద్దాయనది. 'చేయని పనులు' గడిలో చచ్చిన గొడ్డు అని ఉంది. 'చేయగల పనులు' గడిలో, గుట్ట మీద ఏ రాతి కింద ఏ గూడు ఎన్నేళ్ళ నుంచి ఉందో చెప్పగలను అని ఉంది. కింద వేలిముద్ర.